ప్రతివారం పొగ కొడుతున్నారు, అయినా మా వీధిలో మూడో మలేరియా కేసు. తేడా ఎక్కడుంది?

కాలువగట్టు_కాలనీ
పట్నం చివర, పంటకాలువ గట్టుకి ఆనుకుని వేసిన లేఅవుట్ మాది. ఒకప్పటి వరిచేలే, మెరక చేసి ప్లాట్లు కొట్టారు. 140 ఇళ్లున్నాయి, కట్టుబడిలో ఇంకో పదిహేను, సగంలో ఉన్న నాలుగంతస్తుల అపార్టుమెంటు ఒకటి. జూలై 3న మొదటి వైవాక్స్ (మలేరియాలో ఒక రకం) కేసు. జూలై 30న రెండోది, ఆగస్టు 2న మూడోది. మూడిళ్లూ నూరు గజాల లోపే. వారానికోసారి ఫాగింగ్ బండి వస్తోంది, డ్రెయిన్ల పక్కన బ్లీచింగ్ చల్లుతున్నారు. దోమలు తగ్గలేదు, జ్వరాలూ ఆగలేదు. ఫాగింగ్ వారానికి రెండుసార్లు చేయించమని అర్జీ పెడదామని కమిటీలో అంటున్నారు. సంతకాలు మొదలెట్టే ముందు ఇక్కడ అడుగుతున్నా.

ఆయ్_అండీ
వారానికి రెండుసార్లంటే పిల్లలకి రెండుసార్లు పండగన్నమాట. బండి వెనకాల పరుగెత్తడానికి.

స్టిరప్_పంపు
అర్జీ ఆపండి. ఆ పొగ అప్పుడు ఎగురుతున్న దోమకి తగిలితేనే పనిచేస్తుంది. గోడ మీద నిలవదు, నీళ్లలో ఉన్న దోమ పిల్లల్ని, అంటే లార్వాల్ని, ముట్టుకోదు. బండి వచ్చేది సాయంత్రం ఆరింటికి కదా? ఆ వేళ మీ చెవి దగ్గర పాడేది చాలావరకు క్యూలెక్స్, మురుగు దోమ. మలేరియా మోసే అనాఫిలిస్ కుట్టేది రాత్రి పొద్దుపోయాక. అదికాక బండి చప్పుడు వినగానే అందరూ తలుపులు, కిటికీలు మూసేస్తారు. దండెం మీద బట్టల వెనకాల, మంచం కింద కూర్చున్న దోమకి వాసన కూడా తగలదు. గాలి ఉంటే పొగ పక్క ఊరికి పోతుంది, ఎండ ఉంటే పైకి లేచిపోతుంది. కేసులు ఒక్కసారిగా ముంచుకొచ్చినప్పుడు, చల్లబడిన వేళ, కిటికీలు తీయించి కొడితే కొంత ఫలం. వారవారం అలవాటుగా కొట్టడం డీజిల్ దండగ.

బ్లీచింగ్ మాటా చెప్తా. గట్టు మీద ముగ్గులా చల్లే బ్లీచింగ్‌కి లార్వా చావదు. చూసేవాళ్లకి శుభ్రంగా కనిపిస్తుంది, అంతే.

బోదె_పక్కన
మరి డ్రెయిన్లో పూడిక తియ్యకుండా దోమలు ఎలా పోతాయండీ? మా వీధి డ్రెయిన్ చూస్తే నల్లగా కుళ్లిపోయి ఉంది. మలేరియా రాక ఏమొస్తుంది?

జీవశాస్త్రం_టీచరు
బోదె_పక్కన గారూ, చాలామంది పొరబడేది అక్కడే. నల్లటి మురుగు క్యూలెక్స్‌కి పుట్టిల్లు. దాంతో వచ్చేది బోదకాలు, మన గోదావరి జిల్లాలకి పాత చుట్టమే. మలేరియా దోమకి తేట నీళ్లు కావాలి. పట్నాల్లో మోసేది అనాఫిలిస్ స్టెఫెన్సై. మేడ మీద ట్యాంకు, సంపు, వాడని బావి, కట్టుబడి దగ్గర నిలవ నీళ్లు దాని చోట్లు. పల్లెల్లో మోసేది అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్. అది బోదెల్లో, ఊట గుంటల్లో, కొత్తగా నాట్లు వేసిన చేలో పెడుతుంది. పట్నం చివర కాలనీ అంటే రెండూ దొరికే చోటు. డ్రెయిన్ తీయించండి, తప్పకుండా. కానీ డ్రెయిన్ తీస్తే మలేరియా పోయిందనుకుని ట్యాంకు మూత మర్చిపోతే లాభం లేదు.

గుర్తుపట్టడం తేలికే. గోడ మీద వాలినప్పుడు క్యూలెక్స్ గూనిగా, గోడకి సమానంగా ఉంటుంది. అనాఫిలిస్ తల కిందకి, తోక పైకి, మేకు ఏటవాలుగా దిగ్గొట్టినట్టు నిలబడుతుంది. రెక్కల మీద మచ్చలుంటాయి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని కనిపెట్టింది ఆ మచ్చల రెక్కల దోమ పొట్టలోనే. నీళ్లలో పిల్లల్ని చూసినా తెలుస్తుంది. క్యూలెక్స్ పిల్ల తల్లకిందులుగా వేలాడుతుంది, తోక దగ్గర గొట్టం ఉంటుంది. అనాఫిలిస్‌కి ఆ గొట్టం లేదు, అందుకే నీటి మట్టానికి అంటుకుని పుల్లముక్కలా అడ్డంగా పడుకుంటుంది. కదిపితే వెనక్కి జరుగుతుంది.

ఆయ్_అండీ
ఇన్నాళ్లూ బ్యాట్‌తో చంపిన దోమల కులగోత్రాలు అడగలేదు. ఇవాళ రాత్రి నుంచి అడిగి చంపుతా.

రక్తపూత
కాలువగట్టు గారూ, మీరిచ్చిన తేదీల్లోనే సగం జవాబుంది. జ్వరం ఉన్న మనిషిని దోమ కుట్టాక, దాని ఒంట్లో వైవాక్స్ తయారవడానికి మన వేడికి ఎనిమిది పది రోజులు. అది ఇంకొకరిని కుట్టాక జ్వరం బయటపడడానికి 12 నుంచి 17 రోజులు. కలిపితే మూడు నుంచి నాలుగు వారాలు. మీ మొదటి కేసుకీ రెండోదానికీ మధ్య 27 రోజులు, మూడోదానికి 30. ముగ్గురికీ ఒకే వారంలో వచ్చుంటే బయటెక్కడో కలిసి తెచ్చుకున్నారనుకునేవాణ్ణి. ఈ లెక్క చూస్తే మొదటి మనిషి నుంచి మీ వీధి దోమే అందుకుంది. క్రిమి ఎక్కిన (పాజిటివ్) దోమ జూలై రెండో వారానికల్లా అక్కడ తిరుగుతోంది.

మూడు విషయాలు చెప్పండి. మొదటి మనిషి అంతకుముందు నెలలో ఎక్కడున్నారు? పద్నాలుగు రోజుల మాత్రలు పూర్తి చేశారా? మిగతా ఇద్దరికీ ఇంతకుముందెప్పుడైనా మలేరియా వచ్చిందా? వచ్చుంటే అది పాతదే తిరగబెట్టి ఉండొచ్చు, అప్పుడు నా లెక్క తప్పు.

కాలువగట్టు_కాలనీ
మొదటాయన అపార్టుమెంటులో సెంట్రింగ్ పనికి వచ్చిన కుర్రాడు. జూన్ మధ్యలో ఏజెన్సీలో ఊరికెళ్లి వచ్చాడట. మూడు రోజులు మాత్రలు వేసుకుని జ్వరం తగ్గాక మళ్లీ పనిలోకి దిగాడు. సెల్లార్లోనే పడుకునేవాడు, దోమతెర లేదు. మిగతా ఇద్దరూ ఊరు కదల్లేదు, పూర్వం మలేరియా లేదు. ఒకరు అపార్టుమెంటు ఎదురిల్లు, ఇంకొకరు వెనకిల్లు.

రక్తపూత
మూడు రోజులు వేసుకున్నవి క్లోరోక్విన్ అయ్యుంటాయి. పెద్దవాళ్లకి మొదటి రెండు రోజులు నాలుగేసి, మూడో రోజు రెండు, మొత్తం పది మాత్రలు. రక్తంలో క్రిమి పోతుంది, జ్వరం దిగుతుంది, అయిపోయిందనుకుంటారు. కాలేయంలో నిద్రపోయే క్రిమి అలాగే ఉంటుంది. దాన్ని చంపడానికి మన దగ్గర ఇచ్చేది ప్రైమాక్విన్, కిలోకి 0.25 మి.గ్రా. చొప్పున, అంటే పెద్దవాళ్లకి రోజుకి 15 మి.గ్రా., 14 రోజులు. అది పూర్తి చేయకపోతే కొన్ని వారాలకో నెలలకో చలిజ్వరం మళ్లీ వస్తుంది, వచ్చిన ప్రతిసారీ మీ వీధి దోమకి కొత్త పెట్టుబడి. వైవాక్స్‌లో దోమకి ఎక్కే రూపం రక్తంలోకి తొందరగా వచ్చేస్తుంది. మనిషి పరీక్షకి వెళ్లే లోపే దోమ తీసుకుపోయి ఉంటుంది. ఇంకో రకం మలేరియా ఫాల్సిపేరంలో ఆ రూపం రావడానికి ఇంకో వారం పది రోజులు పడుతుంది కాబట్టి కాస్త వ్యవధి దొరుకుతుంది.

శ్లాబు_మేస్త్రి
ఊళ్లో ఏ రోగం వచ్చినా కట్టుబడివాళ్ల మీదే పెడతారు. కుర్రాడు తెచ్చాడనే అనుకుందాం, కుట్టిన దోమని పెంచింది ఎవరు? ఆ వీధిలో మేడ మీద మూత లేని ట్యాంకులు ఎన్నున్నాయో ఎక్కి చూశారా?

రక్తపూత
మనిషిని తప్పు పట్టట్లేదు మేస్త్రి గారూ. సెల్లార్లో తెర లేకుండా పడుకోబెట్టింది ఎవరో నాకూ తెలుసు. మీరన్నది నిజం, క్రిమి వచ్చినా దోమ లేకపోతే అక్కడితో ఆగుతుంది.

దాళ్వారైతు
కాలువకి జూన్‌లో నీళ్లొదిలాక ఊళ్లన్నీ సార్వా నాట్లలో ఉన్నాయి. టీచరు గారు నాట్లు వేసిన చేలో కూడా పెడుతుందన్నారు. అంటే మా చేలదా తప్పు? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట అయిన దగ్గర్నుంచీ ఈ నీళ్లు ఇలాగే ఉన్నాయి కదా.

జీవశాస్త్రం_టీచరు
చేను మొత్తం కాలం ఒకేలా ఉండదు. నాటిన కొత్తలో నీళ్ల మీద ఎండ పడుతుంది, క్యూలిసిఫేసిస్‌కి అదే ఇష్టం. పైరు ఎదిగి నీడ కమ్మాక అది తప్పుకుంటుంది, వేరే రకాలు వస్తాయి. మెదడువాపు మోసే క్యూలెక్స్ జాతులు ఆ చేలవే. ఇంకో సంగతి, క్యూలిసిఫేసిస్ అంటే ఒకటి కాదు, ఏ, బి, సి, డి, ఇ అని ఐదు కవలల గుంపు. కంటికి ఒకేలా ఉంటాయి. అందులో బి మలేరియా మోయడంలో చేతకానిది. ఈ గుంపులో చాలావాటికి మనిషి కంటే పశువే ఇష్టం, పగలు పశువుల పాకలో దాక్కుంటుంది. చేను పక్కనుంది కాబట్టి మలేరియా అనడానికి లేదు. కేసులు నూరు గజాల్లో ముద్దగా ఉన్నాయంటే నేను ముందు ట్యాంకులూ కట్టుబడీ చూస్తా, తర్వాతే చేను.

దాళ్వారైతు
ఆరుతడి పెడితే తగ్గుతుందని విన్నా.

జీవశాస్త్రం_టీచరు
తగ్గుతుంది, చేను నిజంగా ఆరితే. మీరొక్కరే ఆరబెట్టి చుట్టూ అందరూ నిలవ కడితే దోమకి తేడా తెలియదు. బోదె కింద రైతులందరూ ఒకే వారం ఆపాలి.

కోనసీమ_కొబ్బరాకు
కాలువలకి నీళ్లు కట్టేసినప్పుడు కూడా చూడాలండీ. వేసవిలో అడుగున మడుగులు మిగిలిపోతాయి, చేప ఉండదు, ప్రవాహం ఉండదు, ఎండకి తేరుకుని తేటగా ఉంటాయి. మడుగుకీ మడుగుకీ మధ్య పారతో మూరెడు గండి కొట్టి కలిపేస్తే చాలామటుకు జారిపోతాయి. పెద్ద ఖర్చు కూడా కాదు. గుర్రపుడెక్క తీసి గట్టున కుప్పేసి వదిలేస్తారు చూడండి, వాన పడితే మళ్లీ కాలువలోకే జారుతుంది. దూరంగా ఎత్తించాలి. దాని వేళ్లకి పట్టుకుని ఊపిరి తీసుకునే దోమ వేరే ఉంది, మాన్సోనియా. అది మలేరియాది కాదులెండి.

రొయ్యల_చెరువు
ఇక వంతు నాదే అనుకుంటా, ఎవరైనా అనేలోపు నేనే చెప్తా. ఏరియేటర్లు తిరుగుతున్న చెరువులో, చేపలున్న చెరువులో దోమ బతకదు. అది పుట్టేది చెరువు అంచున గడ్డి నీళ్లలోకి వంగిన చోట, గట్టు బయట ఊట కాలువలో, పంట తీసి వదిలేసిన చెరువులో మిగిలిన జానెడు నీళ్లలో. గట్టు అంచు గడ్డి కోయిస్తే, ఊట కాలువకి వాలు చేస్తే సగం పోతుంది. వదిలేసిన చెరువుని పూర్తిగా ఎండగట్టాలి, లేదా నింపి చేప వెయ్యాలి. సగం నీళ్లతో వదలడమే పాపం.

గప్పీల_మావయ్య
చేప మాట వచ్చింది కాబట్టి. గంబూసియా అందరూ అడుగుతారు, 1928లో ఇటలీ నుంచి మన దేశానికి తెచ్చారు. బాగా ఎదిగిన చేప రోజుకి 100 నుంచి 300 లార్వాలు తింటుంది. కానీ అది మిగతా చేపల గుడ్లనీ పిల్లల్నీ కూడా తినేస్తుంది. మన దగ్గర సీడు (చేపపిల్లల) చెరువులు, కాలువలు అన్నీ ఒకదానికొకటి కలిసే ఉంటాయి. వరదొస్తే ఎక్కడికి పోతుందో చెప్పలేం. అందుకని వాడని బావికి, కట్టుబడి గుంటకి, గుడి కోనేరుకి గప్పీ మేలంటాను. కొంచెం మురికికి కూడా తట్టుకుంటుంది. రెండూ గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి, కాబట్టి పదిహేను వేస్తే చాలు, మిగతాది అవే చూసుకుంటాయి.

తెచ్చేటప్పుడు సంచిలో మూడో వంతు నీళ్లు, మిగతా గాలి. ఎండలో పెట్టొద్దు. తెచ్చిన సంచిని అరగంట బావి నీళ్లలో తేల్చి, వేడి సమానం అయ్యాక విప్పండి. క్లోరిన్ కలిపిన రోజు వేస్తే తెల్లారేసరికి తేలతాయి. తాగే నీళ్ల ట్యాంకులో మాత్రం చేప వద్దు, మూత పెట్టుకోండి.

రొయ్యల_చెరువు
గంబూసియా మీద మావయ్య చెప్పినదానికి నా వోటు కూడా. ఎవరో పంచుతున్నారని తెచ్చి కాలువలో వదిలేవాళ్లని చూస్తే కడుపు మండుతుంది.

స్టిరప్_పంపు
కాలువగట్టు గారూ, ఇప్పుడు వెతకండి. కావలసింది తెల్ల మగ్గు, టార్చి, బోలెడంత ఓపిక. నీళ్ల మీద మీ నీడ పడనివ్వకండి, పడితే లార్వా కిందకి మునిగిపోతుంది. మగ్గుని ఏటవాలుగా అంచు వెంట ముంచి మెల్లిగా తీయండి, ఒంపేయకండి, కాసేపు చూడండి. మునిగినవి రెండు మూడు నిమిషాలకి పైకి వస్తాయి. ఒక్కో చోట పది మగ్గులు. అడ్డంగా పడుకున్నవి కనిపిస్తే అదే. కామా గుర్తులా వంగి ఎగిరెగిరి పడేవి ప్యూపాలు. అవి కనిపిస్తే ఒకటి రెండు రోజుల్లో దోమలు లేస్తాయి, ఆ చోటుకి ఇవాళే వెళ్లాలి.

శ్లాబు_మేస్త్రి
అపార్టుమెంటులో చూడాల్సినవి నేను చెప్తా, లోపలివాణ్ణి కాబట్టి. లిఫ్టు గొయ్యి ముందు. మన నేలలో అయిదడుగులు తవ్వితే ఊట వస్తుంది, వానాకాలంలో ఇంకా పైకే. ఇటుకలు నానబెట్టే తొట్టి. 200 లీటర్ల డ్రమ్ములు. శ్లాబు మీద చుట్టూ మట్టికట్టలు వేసి నిలిపిన నీళ్లు. సాధారణ సిమెంటుకి కనీసం ఏడు రోజులు, బూడిద కలిసిన సిమెంటుకి కనీసం పది, వీలైతే పద్నాలుగు రోజులు తడి ఉంచాలి. మనకి కావలసింది అంతే, దోమకి కావలసిందీ అంతే. ఎండల్లో గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు.

నీళ్లు మానేయమంటే శ్లాబు పగులుతుంది, ఎవడూ వినడు. ఆరో రోజు సాయంత్రం కట్ట తెంపి, చీపురుతో ఊడ్చి, వెంటనే మళ్లీ నింపండి. గంట పని. లేదా గోనె పట్టాలు పరిచి రోజుకి నాలుగుసార్లు తడపండి. స్తంభాలకి ఎలాగూ అదే చేస్తాం. డ్రమ్ములు, తొట్టి శుక్రవారం బోర్లించాలి. గోడలు కొబ్బరిపీచుతో రుద్దాలి, ఎందుకంటే డెంగ్యూ దోమ గుడ్లు గోడకి అంటుకుని నెలల తరబడి ఎండినా బతుకుతాయి. లిఫ్టు గోతికి మందు ఎంత పోసినా ఊట ఆగదు. లిఫ్టు వచ్చేదాకా ఇసుకతో నింపి పైన పలుచగా కాంక్రీటు వేసేయండి, అవసరమొచ్చినప్పుడు తోడుకోవచ్చు.

ఆయ్_అండీ
గోదావరి పక్కన ఉండి కూడా ఇసుక ధర చూశాక ఆ బిల్డరు లిఫ్టే ముందు పెట్టించేస్తాడు.

బోదె_పక్కన
పాత ఇంజనాయిలు పోస్తే సరిపోదా? అందరూ అదే చేస్తారు.

స్టిరప్_పంపు
పొర కట్టి ఊపిరి ఆడనివ్వదు, నిజమే. కానీ వాన పడితే ఆ గొయ్యి పొర్లి డ్రెయిన్లోకి, డ్రెయిన్ కాలువలోకి, అక్కణ్ణుంచి దాళ్వారైతు గారి చేలోకి. లార్వా ఆయిల్ అని ప్రత్యేకంగా ఉంటుంది, మున్సిపాలిటీ మలేరియా విభాగం దగ్గర దొరుకుతుంది. లీటరు 50 మీటర్ల డ్రెయిన్‌కి వస్తుంది, వారానికోసారి. తేట నీళ్లకి అబేట్, అంటే టెమిఫాస్ 50 శాతం. 10 లీటర్ల నీళ్లకి 2.5 మి.లీ., మీటరు పొడుగుకి 20 మి.లీ. చొప్పున. ఆ 10 లీటర్లు 500 మీటర్లకి వస్తాయి. వారవారం కొట్టాలి. కలుపు, చెత్త, గుర్రపుడెక్క తీయకుండా కొడితే మందు ఆకుల మీదే ఆగిపోతుంది, కింద నీళ్లకి చేరదు. గట్టి వాన పడితే ఆ వారం కొట్టింది కొట్టనట్టే.

ముఖ్యంగా ఒకటి. పొలంలో కలుపుమందు కొట్టిన స్ప్రేయరు తెచ్చి ఇళ్ల దగ్గర వాడొద్దు. ఎంత కడిగినా అడుగున మిగులుతుంది.

కాలువగట్టు_కాలనీ
రెండు రోజులు తిరిగాం, ఆరుగురం. 41 మేడలు ఎక్కాం. నాలుగు ట్యాంకుల్లో అడ్డంగా పడుకున్నవి దొరికాయి. రెండింటికి మూత లేదు, మూడోదానికి మూత ఉంది కానీ పొర్లు గొట్టం నోరు తెరుచుకుని ఉంది. నాలుగోది మాకు బుర్రకెక్కలేదు, మూత బిగించే ఉంది.

సంపుల్లో అయిదు. అన్నిటికీ రాతి మూత, మూతలో కొక్కెం పెట్టి ఎత్తడానికి వేలెడు కన్నాలు రెండేసి. టార్చి వేసి మగ్గు ముంచితే ఒక్కోదానిలో పది ఇరవై. అపార్టుమెంటు లిఫ్టు గొయ్యి చెప్పక్కర్లేదు, ప్యూపాలు కూడా ఉన్నాయి. డ్రెయిన్లో పదిచోట్ల చూశాం, అన్నీ తల్లకిందులుగా వేలాడేవే. టీచరు గారికి దండం.

ప్లంబరు_పాలకొల్లు
నాలుగో ట్యాంకుకి గాలి గొట్టం ఉందేమో చూడండి. పైన వంపు తిరిగిన చిన్న పైపు. దాని నోరు ఎవరూ చూడరు. పొర్లు గొట్టం, గాలి గొట్టం, రెండింటికీ నైలాను జాలీ గుడ్డ రెండు మడతలు పెట్టి, తీగతో కాకుండా పైపు క్లాంపుతో బిగించండి. తీగ తుప్పు పట్టి ఆర్నెల్లకి తెగుతుంది. జాలీ కన్ను 1.2 మి.మీ. మించకూడదు. ఇంటి కిటికీలకి వేసే అల్యూమినియం జాలీ అయినా సరే. ఏడాదికోసారి మార్చాలి, ఎండకి నైలాను పొడైపోతుంది. మూతలో పగులుంటే ఎంసీల్‌తో అతికి ఊరుకోకుండా మూతే మార్చేయండి.

సంపు మూత కన్నాలకి సైకిలు ట్యూబు ముక్క చుట్టిన చెక్క బిరడా కొట్టేయండి. ఎత్తేటప్పుడు తీసుకోవచ్చు.

కాలువగట్టు_కాలనీ
ఉంది! గాలి గొట్టమే. ఇప్పుడే ఎక్కి చూశాం.

బోదె_పక్కన
తాగే నీళ్ల ట్యాంకులో అబేట్ పొయ్యొచ్చా మరి? భయంగా ఉంటుంది.

స్టిరప్_పంపు
తాగే నీళ్లకి పరిమితి లీటరుకి 1 మి.గ్రా. ఒక శాతం గుళికలైతే 10 లీటర్లకి గ్రాము, అంటే వెయ్యి లీటర్ల ట్యాంకుకి 100 గ్రాములు. సీసా మందు మీ చేత్తో మీరు ట్యాంకులో పోయొద్దు, చుక్కలు తప్పితే లెక్క తప్పుతుంది. అసలు ఇంటి ట్యాంకుకి మందెందుకు? ఖాళీ చేసి, గోడలు రుద్ది, ఆరబెట్టి, మూత పెడితే అయిపోయె. మందు తోడలేని చోట్లకి దాచండి.

వాడని_బావి
వాడని బావికీ, సెప్టిక్ ట్యాంకుకీ థర్మకోల్ పూసలు ఒక సెంటీమీటరు మందాన తేలేలా వేస్తే దోమ గుడ్డు పెట్టలేదు, ఏళ్ల తరబడి పనిచేస్తుంది.

కోనసీమ_కొబ్బరాకు
బావికి సరే. మన డెల్టాలో సెప్టిక్ ట్యాంకుకి కుదరదండీ. వానాకాలం భూమిలో నీళ్లు గడప దాకా వస్తాయి, ట్యాంకు పొర్లుతుంది, పూసలన్నీ వీధిన పడతాయి. వాడని బావికైనా వరద ఎక్కే చోట వద్దు. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి జాలీ చాలు.

వాడని_బావి
ఒప్పుకున్నా. నాది మెరక ఊరు, ఆ లెక్కలో చెప్పా.

స్టిరప్_పంపు
ఇళ్ల లోపల పని ఇంకోటుంది. కేసు వచ్చిన ఇంటి చుట్టూ యాభై ఇళ్లలో పైరిత్రం అనే దోమల మందు కొట్టించండి, సచివాలయంలో ఏఎన్ఎంకి చెప్తే మలేరియా సిబ్బంది వస్తారు. రెండు శాతం పైరిత్రం ఒక పాలు, కిరసనాయిలు పందొమ్మిది పాళ్లు. తలుపులు మూసి కొట్టాలి, పొయ్యి ఆర్పాలి, వంట సామాను మూయాలి. ఇది కూడా గోడకి నిలవదు, ఆ రోజు ఇంట్లో ఉన్న పాజిటివ్ దోమని చంపడానికి మాత్రమే. మీ ఫాగింగ్ బండి చేయలేనిది ఇదే.

ఏజెన్సీలో గోడలకి కొట్టేది వేరు. ఆల్ఫా సైపర్‌మెత్రిన్ 5 శాతం పొడి 250 గ్రాములు 10 లీటర్లలో కలిపితే 500 చదరపు మీటర్ల గోడకి వస్తుంది. నాజిలు గోడకి 45 సెం.మీ. దూరంలో, పైనుంచి కిందకి, నిమిషానికి 740 నుంచి 850 మి.లీ. పడేలా పంపు కొట్టాలి. నెలల తరబడి నిలుస్తుంది, మీద సున్నం వేయకపోతే, అలకకపోతే. స్టెఫెన్సై పుట్టే పట్నం కాలనీల్లో ముందు ట్యాంకుల మీద పడాలి.

రక్తపూత
పరీక్షల సంగతి కూడా రాసేస్తా, ఎందుకంటే ఇప్పుడు మీ కాలనీలో ఎవరికి జ్వరం వచ్చినా రక్తపూత (గాజు స్లైడు మీద రక్తం పూసి చూసే పరీక్ష) తీయించాల్సిందే. ఇరవై నాలుగు గంటల్లోపు.

కిట్టు పరీక్షలో తప్పులు ఎక్కువ జరిగేది కంగారు వల్ల. ఈ తేమలో ప్యాకెట్టు ముందే చింపి పెట్టుకోకూడదు, పరీక్ష ముందే చింపాలి. బఫర్ చుక్కలు కిట్టు మీద రాసినన్నే. పావుగంట నుంచి ఇరవై నిమిషాల్లో చదవాలి, అరగంట దాటాక కనిపించే గీత నమ్మొద్దు. కంట్రోలు గీత రాకపోతే నెగెటివ్ కాదు, పరీక్షే చెల్లదు. ఫాల్సిపేరం గీత మందు పడ్డాక కూడా వారాల తరబడి కనబడుతుంది, కాబట్టి నయమైందో లేదో కిట్టుతో చూడకూడదు, స్లైడే చూడాలి.

స్లైడుకి వానాకాలం పెద్ద శత్రువు. మందపు పూత ఆరడానికి చాలాసేపు పడుతుంది, ఆ లోపు ఈగలూ చీమలూ తినేస్తాయి. మూత ఉన్న పెట్టెలో ఆరబెట్టాలి. తొందరపడి దీపం సెగకి పెడితే పూత గట్టిపడి రంగు పట్టదు. పూత మందం సరిపోయిందా అంటే, దాని కింద పేపరు పెడితే అక్షరాలు లీలగా చదవగలగాలి. మొదటిసారి నెగెటివ్ వచ్చినా చలి జ్వరం ఆగకపోతే మర్నాడో ఎల్లుండో మళ్లీ తీయించండి.

బోదె_పక్కన
ప్రైమాక్విన్ వేసుకుంటే రక్తం విరిగిపోతుందంటారు?

రక్తపూత
జీ6పీడీ అనే ఎంజైము తక్కువున్నవాళ్లకి ప్రమాదం. వీలుంటే ముందే పరీక్ష చేయించాలి. మాత్రలు మొదలెట్టాక మూత్రం నల్లగా కాఫీ డికాషన్లా వస్తే, కళ్లు పచ్చబడితే, వెంటనే ఆపి డాక్టరు దగ్గరికి. గర్భిణులకి, ఏడాది లోపు పిల్లలకి ఇవ్వరు. అన్నం తిన్నాకే వేసుకోవాలి, పరగడుపున కడుపులో నొప్పి వస్తుంది, ఆ నొప్పికే చాలామంది మానేస్తారు.

కాలువగట్టు_కాలనీ
సెంట్రింగ్ కుర్రాడు ఇంకా ఇక్కడే ఉన్నాడు. మళ్లీ పరీక్ష చేయించి, ఏఎన్ఎం దగ్గర ప్రైమాక్విన్ మొదలెట్టించాం. బిల్డరు సెల్లార్లో పడుకునేవాళ్లందరికీ మందు తెరలు తెప్పిస్తానన్నాడు. వాటి ఉతుకుడు ఎలా?

స్టిరప్_పంపు
కొత్తది కవరు విప్పాక ఒక రోజు నీడలో ఆరేసి వాడాలి. ఉతికితే మామూలు సబ్బుతో, సర్ఫు కాదు. ఎండలో ఆరేయొద్దు. ఇరవై ఉతుకుల దాకా మందు పనిచేస్తుంది, మూడేళ్లు లెక్కేసుకోండి. సెల్లార్లో తెర కట్టడానికి స్తంభాలకి మేకులు ముందే కొట్టించండి. కట్టుకునే ఆధారం లేకపోతే తెర దిండు కిందకి పోతుంది.

శ్లాబు_మేస్త్రి
అదీ మాట. మేకులు మావాళ్లే కొడతారు.

కాలువగట్టు_కాలనీ
అర్జీ మార్చి రాశాం. ఫాగింగ్ తీసేసి, యాభై ఇళ్లకి పైరిత్రం, వారవారం అబేట్, లిఫ్టు గొయ్యి పూడ్పించడం అడిగాం. శుక్రవారం శుక్రవారం మేడలెక్కడానికి ఇద్దరిద్దరు చొప్పున వంతులు. కుర్రాడి మాత్రలు కమిటీ గది గోడ మీద కేలెండర్లో టిక్కులు పెడుతున్నాం. ఇవాళ్టికి అయిదు.

రక్తపూత
ఎదురింటివాళ్లకీ వెనకింటివాళ్లకీ పక్కనే ఇంకో రెండు వరసలు గీయండి.

ఆయ్_అండీ
మేడలెక్కే వంతుల్లో నా పేరు రాయండి. బ్యాట్ తెచ్చుకోవచ్చా?